పేరు పెట్టు క్రియలు – ఒక అనవసరపు మాట

ప్రతి సంవత్సరము ఈ సంచికలో విద్యార్థుల ఆంగ్లమును గురించి ఎవరో ఒకరు బాధపడుచునే ఉన్నారు. ప్రమాణములు పడిపోయినవనియు, వెనుకటి మెట్రిక్యులేటు నేటి పట్టభద్రునికన్న మేలనియు వ్రాయుట ఆనవాయితీ అయినది. ఆ బాధను మరల వెళ్ళబోసికొనుట మా ఉద్దేశము కాదు. ఆంగ్లభాష యంతటిని ఒక్క వ్యాసములో ఉద్ధరింపగలమన్న భ్రమయు మాకు లేదు. ఒక్క చిన్న మాటను గురించి మాత్రమే మేము వ్రాయదలచినాము. ఆ మాట 'యాజ్'. అది ఉండవలసిన చోట ఉన్నపుడు మంచి మాటయే. పేరు పెట్టుటను, పిలుచుటను తెలుపు క్రియల పక్కన పిలువని పేరంటమువలె వచ్చి కూర్చున్నప్పుడే చిక్కు.

కొన్ని సంవత్సరములకు పూర్వము మా విద్యార్థిని యొకతె ఉపాధ్యాయ ఉద్యోగమునకై ఒక పాఠశాలలో ఇంటర్వ్యూకు వెళ్ళినది. రసాయనశాస్త్రములో ఆమెకు మంచి ప్రవేశము కలదు. నీటిని గురించి అడిగిన ప్రశ్నకు ఆమె, "వాటర్ ఈజ్ కాల్డ్ యాజ్ యూనివర్సల్ సాల్వెంట్" అని ప్రారంభించినది. ఎదుట కూర్చున్న పెద్దలలో ఒకరు "కాల్డ్ యాజ్!" అని ఆమె మాటనే సాగదీసి పలికి, పక్కవారివైపు చూచి నవ్వినారట. అంతే. ఆ తరువాత అడిగిన ప్రశ్నలకు సమాధానములు తెలిసియుండియు ఆమె నోట మాట రాలేదు. తిరిగి వచ్చి మమ్ము అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, ఐదు సంవత్సరములుగా అన్ని పరీక్షలలోను అట్లే వ్రాసినాను. ఒక్కరైనను ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానము లేకపోయినది. ఈ వ్యాసము ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానము.

మొదట నియమమును చెప్పుదుము. ఆంగ్లములో 'కాల్' అను క్రియ ఒకరికి గాని ఒకదానికి గాని పేరును తగిలించునపుడు, కర్మ వెంటనే పేరు వచ్చును. రెంటి నడుమ ఏ మాటయు అవసరము లేదు. "వి కాల్ హిమ్ రహీం" అనవలెను. "వి కాల్ హిమ్ యాజ్ రహీం" అనరాదు. వాక్యమును కర్మణి ప్రయోగములోనికి మార్చినను నియమము మారదు: "హి ఈజ్ కాల్డ్ రహీం". 'నేమ్' అను క్రియయు బిడ్డకు పేరు పెట్టు సందర్భములో ఇట్టిదే: "దె నేమ్డ్ ది చైల్డ్ సలీమా". 'డబ్', 'డీమ్' అనునవి కూడ ఈ కుటుంబములోనివే. 'టర్మ్' అను క్రియను కూడ ఈ పంక్తిలోనే కూర్చుండబెట్టుట క్షేమము. 'మేక్', 'డిక్లేర్' అనునవి పేరు పెట్టు క్రియలు కాకున్నను ఇదే బాటలో నడచును: "దె మేడ్ హర్ కెప్టెన్", "దె డిక్లేర్డ్ హిమ్ ది విన్నర్".

రెండవ కుటుంబమున్నది. దీనికి 'యాజ్' లేనిదే గడవదు. 'రిగార్డ్', 'డిస్క్రైబ్', 'డిఫైన్', 'ట్రీట్', 'రిఫర్ టు' అనునవి ఈ కుటుంబములోనివి. 'ప్రసిద్ధి చెందిన' అను అర్థమున వాడు 'నోన్' కూడ ఇందులోనిదే. సరోజినీ నాయుడు 1879లో మన హైదరాబాదులోనే జన్మించినారు. ఆమెను గురించి వ్రాయునపుడు "షి ఈజ్ నోన్ యాజ్ ది నైటింగేల్ ఆఫ్ ఇండియా" అనుట ఒప్పు. "షి ఈజ్ కాల్డ్ ది నైటింగేల్ ఆఫ్ ఇండియా" అనుటయు ఒప్పే. ఈ రెంటిని కలిపి "కాల్డ్ యాజ్" అనుట మాత్రమే తప్పు. 'రిఫర్' విషయములో మరొక జాగ్రత్త అవసరము: 'రిఫర్డ్ టు యాజ్' అనుటలో 'టు' అను మాటను మనవారు తరచుగా మింగివేయుచున్నారు. అక్కడ రెండు మాటలును ఉండవలసినదే.

మూడవ కుటుంబము ఉదారమైనది. 'ఎలెక్ట్', 'అపాయింట్', 'డెసిగ్నేట్', 'లేబుల్' అను క్రియల తరువాత 'యాజ్' ఉన్నను లేకున్నను వాక్యము నిలుచును. 1897లో హైదరాబాదున జన్మించిన డాక్టరు జాకిర్ హుస్సేన్ గారు 1967లో రాష్ట్రపతి అయినారు. "హి వాజ్ ఎలెక్టెడ్ ప్రెసిడెంట్" అనుట చక్కని వాక్యము. "ఎలెక్టెడ్ యాజ్ ప్రెసిడెంట్" అన్నను దోషము లేదు. ఒక్కరే ఉండు పదవి కాబట్టి దాని ముందు 'ఎ' అను ఆర్టికిల్ రాదని గుర్తుంచుకొనిన చాలును. 'కన్సిడర్' కూడ ఈ కుటుంబమున చేరుటకు ప్రయత్నించుచున్నది. అయినను "వి కన్సిడర్ హిమ్ ఎ స్కాలర్" అని 'యాజ్' లేకుండ వ్రాయుటయే మేలైన పద్ధతి.

"ఇంత చిన్న విషయమునకు మూడు కుటుంబములా?" అని విద్యార్థులు విసుగుకొనవచ్చును. విసుగుకొనవలసిన పనిలేదు. ఏ. ఎస్. హార్న్‌బీ అను ఆంగ్లేయుడు జపాను దేశములో ఆంగ్లము బోధించుచు, మాతృభాష ఆంగ్లము కానివారి కష్టము ఎక్కడున్నదో కనిపెట్టినాడు. ఒక క్రియకు అర్థము తెలిసినంత మాత్రమున చాలదనియు, దాని వెనుక ఏ మాటలు ఏ వరుసలో నిలుచునో తెలిసికొనవలెననియు గ్రహించినాడు. 1942లో జపానులో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డువారిచే పునర్ముద్రణ పొందిన ఆయన నిఘంటువు ఈ క్రియా క్రమములను చూపుటచేతనే లోకమంతట విద్యార్థుల చేతికి వచ్చినది. మన దేశములో తరతరములుగా చదువుచున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణము కూడ కర్మకు పూరకముగా వచ్చు పదమును గురించి స్పష్టముగనే చెప్పుచున్నది. పుస్తకములు ఉన్నవి. కాని వాటికిని మన జవాబు పత్రములకును మధ్య దారి తెగినది.

ఈ తప్పు ఎక్కడ పుట్టుచున్నది? సాధారణముగా ఈ ప్రశ్నకు వచ్చు సమాధానము, "మాతృభాష ప్రభావము" అని. తెలుగువాడు తెలుగులో ఆలోచించును, ఉర్దూవాడు ఉర్దూలో ఆలోచించును, కనుక ఆంగ్లము చెడిపోవుచున్నదని తీర్పు చెప్పి చేతులు దులుపుకొనుచున్నారు. ఈ తీర్పుతో మేము ఏకీభవింపజాలము. రెండు భాషలను సాక్షులుగా పిలిచి విచారింతము.

తెలుగులో "అతనిని రహీం అంటారు", "దీనిని కలము అంటారు" అని చెప్పుదుము. మరికొంత వివరముగా "రహీం అని పిలుస్తారు" అందుము. 'అని' అను మాట ఎదుటివారు పలికిన పలుకును యథాతథముగా పట్టి చూపు మాట. సంస్కృతములో 'ఇతి' చేయు పని ఇదే. ఉర్దూలోనైతే "ఇసే కలమ్ కహతే హైఁ" అనుటతో సరి. కర్మ, దాని వెంట పేరు, ఆపై క్రియ. నడుమ 'యాజ్' వంటి మాట ఏదియు లేదు. ఇంకను విశేషమేమన, ఉర్దూ మర్యాద తెలిసిన పెద్దలు తమ పేరును తాము చెప్పుకొనునపుడు "ఖాక్‌సార్ కో ఫలానా కహతే హైఁ" అందురు. "ఈ ధూళివంటివానిని ఫలానా అంటారు" అని దాని భావము. ఎంత వినయమో అంత వ్యాకరణము! ఇందులో కూడ 'యాజ్'కు చోటు లేదు.

మన దక్కనీ ఉర్దూ ఇంకొక అడుగు ముందుకు వేసినది. "రహీం బోల్కే ఏక్ లడ్కా" అను మాట హైదరాబాదు వీధులలో తిరిగిన వారందరును విన్నదే. ఇది తెలుగువారి "రహీం అని ఒక అబ్బాయి"కి అచ్చమైన ప్రతిబింబము. మన రెండు భాషలు ఒకే గోడకు అటునిటు కాపురముండి, పేరు పెట్టు పద్ధతిని ఒకదాని నుండి ఒకటి ఎరువు తెచ్చుకొన్నవి. దీనికి ఆంగ్లములో సరిజోడు "ఎ బాయ్ కాల్డ్ రహీం". 'అనే' అన్నను, 'బోల్కే' అన్నను, 'కాల్డ్' అన్నను ఒకటే. కాబట్టి మాతృభాషను సరిగా గమనించిన విద్యార్థి ఈ తప్పు చేయవలసిన అవసరమే లేదు.

అయిన తప్పు ఎట్లు వచ్చుచున్నది? మాకు తోచిన కారణములు మూడు. మొదటిది, పొరుగు పోలిక. 'నోన్ యాజ్' అని వినుచున్న చెవి 'కాల్డ్ యాజ్' అనియు వినుచున్నది. ఇది సహజము. రెండవది, ఖాళీని సహింపలేని శ్రద్ధ. 'అని' అను మాటకు ఆంగ్లములో ఏదో ఒక మాట పెట్టకపోయిన అనువాదము అసంపూర్ణమని విద్యార్థి భయపడుచున్నాడు. ఆంగ్లములో ఆ పనిని మాటల వరుసయే చేయుచున్నదని అతనికి ఎవరును చెప్పలేదు. ఇది అజ్ఞానమువలన వచ్చిన తప్పు కాదు, అతి జాగ్రత్తవలన వచ్చినది. మూడవది, అన్నింటికన్న బలమైనది, మన నోట్సులు. సైన్సు పాఠములలో నిర్వచనము లేని పుట ఉండదు. నిర్వచనమనగా పేరు పెట్టుటయే. పచ్చని మొక్కలు తమ ఆహారమును తయారు చేసికొను ప్రక్రియకు 'ఫొటోసింథెసిస్' అని పేరు. ఈ వాక్యమును "ఈజ్ కాల్డ్ యాజ్ ఫొటోసింథెసిస్" అని ఎవరో ఎన్నడో నల్లబల్లపై వ్రాసినారు. ఆ నోట్సు అన్న నుండి తమ్మునికి, తమ్ముని నుండి పొరుగింటి పిల్లకు వారసత్వముగా వచ్చినది. విషయము సరిగా ఉన్నది కాబట్టి సైన్సు అధ్యాపకులు మార్కులు వేసినారు. ఆ పత్రము ఆంగ్ల అధ్యాపకుల కంటబడలేదు. ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నిజమైన సమాధానము ఇదియే. దోషము ఆమెది కాదు, మాది.

విపరీతమేమన, ఈ రోగము ఇప్పుడు తిరిగి తెలుగునకు అంటుకొనుచున్నది. "ఈ ఊరు ఫలానాగా పిలువబడుచున్నది" అను వాక్యములు పత్రికలలోను, పాఠ్యగ్రంథములలోను కానవచ్చుచున్నవి. "ఈ ఊరిని ఫలానా అంటారు" అనిన చాలు చోట, ఆంగ్లపు కర్మణి ప్రయోగమును, దానికి లేని 'యాజ్'ను 'గా' రూపములో తెచ్చి తగిలించుచున్నాము. ఒక భాష చెడినపుడు దానితోపాటు రెండవదియు చెడుటకు ఇంతకన్న నిదర్శనమేమి?

ఇక 'పేరున' అను మాట. తెలుగులో "తాతగారి పేరున", ఉర్దూలో "దాదా కే నామ్ పర్" అందుము. దానిని అనుసరించి "నేమ్డ్ ఆన్ మై గ్రాండ్‌ఫాదర్" అని వ్రాయుచున్నారు. ఇక్కడ మాత్రము మాతృభాషపై నేరము మోపినను ఒప్పుకొందుము. ఆంగ్లములో ఒకరి పేరును మరొకరికి పెట్టినపుడు 'నేమ్డ్ ఆఫ్టర్' అనవలెను. ఆచార్య నాగార్జునుని పేరున నాగార్జునసాగరము, హజ్రత్ హుస్సేన్ షా వలీ పేరున హుస్సేన్ సాగరము, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము – ఇవన్నియు 'నేమ్డ్ ఆఫ్టర్' అను మాటకు మన కంటి ఎదుట నిలిచిన ఉదాహరణలు. వీటిని ఒక్కసారి తలచుకొనిన విద్యార్థి ఆ మాటను మరల మరువడు.

మరి రెండు మెలకువలు చెప్పి నియమముల సంగతి ముగింతుము. 'కాల్డ్ యాజ్' అనునది అన్ని చోట్ల తప్పని కూడ భ్రమపడరాదు. 'కాల్' అనగా రప్పించుట అను అర్థము కూడ కలదు. "షి వాజ్ కాల్డ్ యాజ్ ఎ విట్నెస్" అనిన ఆమెను సాక్షిగా కోర్టుకు పిలిచినారని అర్థము. అది నిర్దుష్టమైన వాక్యము. అట్లే "హి వాజ్ నేమ్డ్ యాజ్ ఎ సస్పెక్ట్" అనిన అతనిని అనుమానితునిగా పేర్కొన్నారని అర్థము. కనుక నీటిని 'కాల్డ్ యాజ్' అన్నపుడు ఆంగ్లము తెలిసినవాని చెవికి నీటిని ఏదో విచారణకు రప్పించినట్లు వినిపించును! పేరు తగిలించుటయా, పనికై పిలుచుటయా అని ప్రశ్నించుకొనిన చాలును, 'యాజ్' సంగతి దానంతట అదే తేలిపోవును.

రెండవ మెలకువ 'సో-కాల్డ్' అను మాటను గురించి. దీనిని 'అనబడు' అను అర్థములో అమాయకముగా వాడుట కద్దు. కాని వినువారికి అది చాల సందర్భములలో "పేరుకు మాత్రమే" అని ధ్వనించును. సభలో వక్తను పరిచయము చేయుచు "ది సో-కాల్డ్ గ్రేట్ పోయెట్" అనిన, దండ వేసిన చేతితోనే చెంపపెట్టు పెట్టినట్లగును.

ఇంతవరకు మేము చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని దాటవేయుట న్యాయము కాదు. "ఆంగ్లము నేడు మన దేశపు భాషలలో ఒకటి. మనము కోట్లమందిమి దానిని వాడుచున్నాము. మనవారు అందరు 'కాల్డ్ యాజ్' అనినపుడు అదియే భారతీయాంగ్లము కారాదా? ఇంకను లండను వైపు చూచుట బానిసత్వము కాదా?" అని విద్యావంతులు కొందరు అడుగుచున్నారు. ఈ వాదములో కొంత సత్యమున్నది. "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?" అను ప్రశ్నను ఎవరైన ఎగతాళి చేసిన మేము సహింపము. అందులో మన శుభనామమున్నది, మన ఇస్మే షరీఫ్ ఉన్నది. అది తప్పు కాదు, మర్యాద. (తన పేరును తానే 'గుడ్ నేమ్' అని చెప్పుకొనుట మాత్రము మన మర్యాదకే విరుద్ధము.) కాని 'కాల్డ్ యాజ్'లో మన సంస్కృతి ఏదియు లేదు. మన భాషలు దానిని కోరలేదని పైన చూచితిమి. అది మన అజాగ్రత్త మాత్రమే. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు: రెండు మార్గములు తెలిసినవాడు ఒక మార్గమును ఎన్నుకొనిన అది స్వాతంత్ర్యము. ఒకే మార్గము తెలిసినవాడు దానినే పోయిన అది ఎన్నిక కాదు. మా విద్యార్థిని ఆ గదిలో భారతీయాంగ్లమును ఎన్నుకొనలేదు. ఆమెకు ఎన్నుకొను అవకాశమును మనము ఇవ్వలేదు.

పట్టణములలో ఖరీదైన పాఠశాలలలో చదివినవారికి ఈ 'యాజ్' ఒక చిన్న లోపము. మన కళాశాలకు వచ్చువారిలో పెక్కుమంది తమ ఇంట ఆంగ్లము చదివిన మొదటి తరమువారు. వారికి అది మూసిన తలుపు. తలుపు మూయువారిది తప్పే. ఒక మాటను పట్టుకొని మనిషిని కొలుచుట విద్యకు తగిన పని కాదు. కాని లోకము మారువరకు పిల్లలను వాకిట నిలబెట్టుట మనకును తగదు.

కళాశాల సంఘమువారికి మా మనవులు నాలుగు. మొదటిది, సంవత్సరారంభమున సైన్సు, కామర్సు నోట్సులలోని నిర్వచనములను ఆయా అధ్యాపకులును ఆంగ్ల అధ్యాపకులును కలిసి కూర్చుండి ఒక్కసారి సరిచూడవలెను. నాలుగు మధ్యాహ్నముల పని. దీనికి డబ్బు అవసరము లేదు. రెండవది, ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులకు వారమునకు ఒక పీరియడు ఉమ్మడిగా ఏర్పరచి, ఒకే వాక్యమును మూడు భాషలలో పక్కపక్కన వ్రాసి పోల్చి చూపవలెను. 1917లో హైదరాబాదున ఏర్పడిన అనువాద సంస్థ ఉర్దూలోను, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులోను శాస్త్ర పదములకు పేర్లు పెట్టుటకు ఎంత శ్రమించినవో ఆ సందర్భమున పిల్లలకు చెప్పవచ్చును. మూడవది, కళాశాల నుండి వెలువడు ఆహ్వానపత్రికలు, ప్రకటనలు, బోర్డులు అచ్చునకు పోకముందు ఇద్దరు చదువవలెను. ఒకమారు మా పఠనాలయమునకు వ్రాయించిన బోర్డులో 'నేమ్డ్ ఆన్' అని ఉండగా, రంగు ఆరకముందే పట్టుకొన్నది ఉర్దూ అధ్యాపకులగు సాహెబుగారే గాని మేము కాము. ఈ సంగతిని సిగ్గుతోనే వ్రాయుచున్నాము. నాలుగవది, తప్పు దిద్దునపుడు నవ్వరాదు. తరగతిలో నవ్విన నవ్వు ఇంటర్వ్యూ గదివరకు వెంటబడును.

విద్యార్థులకు మా మాట ఒక్కటే. ఈ రాత్రి మీ నోట్సు తెరచి 'కాల్డ్ యాజ్' ఎన్ని చోట్ల ఉన్నదో లెక్కించండి. ప్రతి చోట ఆ రెండవ మాటను కొట్టివేయండి. వాక్యము కుంటుపడదు, తేలికపడును. పిమ్మట మీ చెల్లెలి నోట్సు కూడ తెరచి చూడండి, ఎందుకనగా ఆ తప్పు ఆమెకు మీ వద్దనుండియే వచ్చియుండును.

ఆ విద్యార్థిని ఇప్పుడు వేరొక ఊరిలో రసాయనశాస్త్రము బోధించుచున్నది. క్రిందటి సంవత్సరము కనబడినపుడు, తన తరగతి పిల్లలలో ఈ తప్పు చేయనివారు లేరని చెప్పినది. "ఏమి చేయుచున్నావమ్మా?" అని అడిగితిమి. "ఆ మాటను కొట్టివేసి, పక్కన మార్కు వేయుచున్నాను సార్," అన్నది. మా నాలుగు మనవులలోని సారము ఆ ఒక్క మాటలో ఉన్నది. కళాశాల సంఘమువారు దీనిని సహృదయముతో పరిశీలింతురు గాక!